అద్దాల లెన్సులో అత్తయ్య

మా అత్తయ్య ప్రేమమ్మకి రొమ్ములో గడ్డ ఉందని తెలిసిన యేడే మా చుట్టుపక్కల మిరప విరగకాసింది. ఊళ్ళో ఎవరి మొహం చూసినా కళకళలాడుతోంది. మా ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగించడానికి కూడా ఎవరికీ మనసొచ్చేది కాదు. గుంటూరు ఆసుపత్రిలో రెండు విడతలు మందు ఎక్కించేసరికి, నడుం దాకా ఉండే అత్తయ్య జుట్టు కట్టలు కట్టలుగా దువ్వెనకొచ్చేసింది. చివరికి బోడితల మిగిలింది. కార్డు మీద వైద్యం కాబట్టి ఖర్చు లేదు గానీ, మనిషి సగమైపోయింది.

డాక్టరమ్మ మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "మందు పడేకొద్దీ గడ్డ చిన్నదవుతుంది. తగ్గిపోయిందనుకుని మధ్యలో మానేస్తే ఊరుకోదు, ఇంకోచోటికి పాకుతుంది. ఆరు విడతలూ అయ్యాక కోసి తీసేద్దాం. అర్థమైందా అమ్మా?" అని అడిగింది. అత్తయ్య బుద్ధిగా తలూపింది. నేనూ, మా ఆయన ఇమ్మానుయేలూ, మావయ్య దానయ్యా పక్కనే ఉన్నాం.

అత్తయ్యని జబ్బు కంటే బోడితలే ఎక్కువ కుంగదీసింది. ఇంట్లో ఉన్నా తలకి తువ్వాలు చుట్టుకునే ఉండేది. అద్దం తిప్పి గోడకి పెట్టింది. మా ఆయన ఫొటోగ్రాఫరు. పర్చూరులో చిన్న స్టూడియో ఉంది. ఆ కొడుకు ఇంట్లో కెమెరా బయటికి తీశాడంటే చేతిలో గరిటె ఉంటే గరిటె, చీపురుంటే చీపురు విసిరేది. "నన్ను తియ్యమాక రా. చచ్చాక కూడా పాత ఫొటోనే పెట్టుకోండి" అనేది. ఆ మాటకి ఈయన కెమెరా సంచిలో పెట్టేసి బయటికెళ్ళిపోయేవాడు.

ఆ రోజుల్లోనే అద్దాల లెన్సు మా ఇంటికొచ్చింది. చిలకలూరిపేటలో బుడే గారని పాతకాలపు ఫొటోగ్రాఫరు ఉండేవాడు. మా ఆయన పని నేర్చుకున్నది ఆయన దగ్గరే. మోకాళ్ళు పనిచెయ్యక స్టూడియో మూసేస్తూ, ఉన్న సామానులో ఏదో ఒకటి తీసుకెళ్ళమని కబురు చేశాడు. నేనూ వెంట వెళ్ళాను. బుడే గారు బీరువాలోంచి నల్లటి పొట్టి డబ్బా ఒకటి తీసి మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఇది లెన్సా, పాలపొడి డబ్బానా బుడే గారూ?" అన్నాను.

"పొట్టిదని చిన్నచూపు చూడమాకమ్మా. దూరాన కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట కంటిని కూడా చూపిస్తుందిది. మామూలు లెన్సులో గాజు బిళ్ళలుంటాయి. దీంట్లో అద్దాలు, మనం మొహం చూసుకునేలాంటివి. వెలుతురు లోపలికెళ్ళి వెనకద్దానికి కొట్టుకుని ముందుకొస్తుంది. ముందున్న చిన్నద్దానికి కొట్టుకుని మళ్ళీ వెనక్కెళ్తుంది. లోపలే అటూ ఇటూ తిరుగుతుంది గనక బారెడు లెన్సు జానెడులో ఇమిడింది."

"మరి ముందు గాజు మధ్యలో ఈ నల్ల మచ్చేందండీ?"

"అది ఆ చిన్నద్దం వీపు. దీని అవలక్షణమంతా అక్కడే ఉంది" అని నవ్వి, మా ఆయన వైపు తిరిగాడు. "ఎదర ఉన్న మనిషి బాగానే వస్తాడు అబ్బాయ్. ఆ మనిషి వెనకాల ఏదన్నా మెరిసేది ఉందనుకో, అది చుక్కలా పడదు. ఆ మచ్చ మూలంగా నడిమధ్య చిల్లు పడి చేగోడీలా పడుద్ది. పెళ్ళిళ్ళకి మాత్రం వాడమాక. సీరియల్ బల్బులన్నీ చేగోడీలై కూర్చుంటే పెళ్ళివాళ్ళు నీ మీద పడతారు."

మా ఆయనకి ఆ లెన్సుతో పిచ్చి పట్టింది. వెలుతురు పెంచుకోవడం, తగ్గించుకోవడం దానికి లేదట. ఎంత వస్తే అంతే. చేత్తో తిప్పుకుంటూ నిదానంగా చూపు కుదుర్చుకోవాలట, వెంట్రుక వాసి తేడా వచ్చినా మసకేనట. ఎండెక్కితే నేల మీద వేడిగాలి లేచి బొమ్మ నీళ్ళలో చూసినట్టు కదులుతుంది కాబట్టి, కోడి కూయగానే లేచి కాలవకట్ట మీదికి పోయేవాడు. కట్టుకున్న పెళ్ళాం కోసం ఒక్కనాడు అంత పొద్దున్నే లేచింది లేదు గానీ, పాలపిట్టల కోసం లేచేవాడు.

కట్టకి అవతల పెద్ద రైతు లక్ష్మీదుర్గ గారి మిరప కల్లం. కోసిన కాయలు అక్కడే ఆరబోస్తారు. మావయ్య ఆ కల్లానికి కాపలా. రోజూ తెల్లారగానే అత్తయ్య ఆయనకి టీ పట్టుకెళ్ళి, రాత్రి మంచుకి తడవకుండా కాయల మీద కప్పిన పట్టాలు ఆయనతో కలిసి తీసి వచ్చేది. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు నాకు కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పని లేక, మా ఆయన వెంట కట్ట మీదికి వెళ్ళాను. ఈయన పిట్ట కోసం లెన్సు తిప్పుతూ తిప్పుతూ ఒక్కసారి ఆగిపోయాడు.

"అమ్మ" అన్నాడు, మెల్లిగా.

నా కంటికి అంత దూరాన మనిషి ఆకారం తప్ప ఏమీ ఆనలేదు. ఈయన మాత్రం ఊపిరి బిగబట్టి లెన్సు తిప్పుతున్నాడు. టక్కుమని చప్పుడైంది. కెమెరా వెనక చిన్న తెరలో నాకు చూపించాడు.

అత్తయ్య పట్టాల ముందు మోకాళ్ళ మీద ఉంది. ఎవరూ లేరనుకుందేమో, తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది. చెంప మీద ముడత ముడతా కనబడుతోంది. వెనకాల పట్టాల నిండా మంచు బొట్లు. వాటి మీద అప్పుడే పొడుస్తున్న ఎండ. ఆ బొట్లన్నీ ఒకదాని మీద ఒకటి బంగారు రంగు సున్నాలై ఆ బోడితల చుట్టూ నిలబడ్డాయి.

"చేగోడీలు పడ్డాయే!" అని ఈయన నవ్వాడు.

"మా అత్త చేగోడీల కొట్టు పెట్టింది" అన్నాను నేను. ఇద్దరం కట్ట మీద కూలబడి కడుపునొప్పి వచ్చేదాకా నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ నవ్వు ఎంత పని చేస్తుందో తెలియదు గనక హాయిగానే ఇంటికొచ్చాం.

ఆ ఫొటో మా ఆయనకి ఎంత నచ్చిందంటే, నాలుగు రోజుల తర్వాత స్టూడియోలో పెద్దది వేసి ఇంటికి తెచ్చాడు. గదిలో నాకు చూపిస్తుంటే అత్తయ్య లోపలికొచ్చింది. దాచేలోపే చూసేసింది. చీపురు లేస్తుందని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అత్తయ్య ఫొటో చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఇది నేనేనా?"

"నేనే తీశానమ్మా. తిట్టమాక."

"ఏ రోజు తీశావ్? పోయిన శుక్రవారమా?"

"ఆఁ, శుక్రవారమే."

అత్తయ్య తల చుట్టూ ఉన్న సున్నాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. "ఆ పొద్దున నేను ఏమడిగానో మీకు తెలియదు" అంది. "ప్రభువా, నన్ను చూస్తన్నావా లేదా, ఒక్క గుర్తు చూపించు చాలు అన్నా. చూపించాడు. కిరీటం పెట్టాడ్రా నాకు. వెంట్రుక లేని తలకి కిరీటం పెట్టాడు."

అట్లాగే గోడకి జారగిలబడి ఏడ్చింది. నేనూ మోకరించేదాన్నే, పాటల గుంపులో పాడేదాన్నే. దేవుడు గుర్తులు చూపించడని నేననను. కానీ ఇవి బుడే గారి చేగోడీలు.

"అత్తయ్యా, అది లెన్సు చేసే పని. దాంట్లో అద్దం ఉంది, దాని మూలంగా మెరిసేవన్నీ అట్లా పడతాయి. బుడే గారు ముందే చెప్పాడు" అన్నాను.

అత్తయ్య నా మాట విననట్టే కొడుకు వైపు తిరిగింది. "ఏరా అబ్బాయ్? అంతేనా?"

మా ఆయన తల్లి మొహం చూశాడు. నెల రోజులుగా మసిబారిన మొహం, కడిగిన కంచంలా ఉంది.

"ఏమోనమ్మా" అన్నాడు.

కిరీటం కాదు అని ఉంటే ఆమె ఏడ్చి ఊరుకునేది. కిరీటమే అనే ధైర్యం ఈయనకి లేదు. ఆ రెండింటికీ మధ్య ఒక 'ఏమో' దొరికింది. మా కొంప ముంచింది ఆ మాటే. ఎవరేమనుకున్నా సరే, ఇది నేను అని తీరతాను.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. మేలు పొందినవాళ్ళు సంఘం ముందు లేచి ఆ సంగతి చెప్పడం మాలో ఆనవాయితీ. జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు, పిల్లకి సంబంధం కుదిరినవాళ్ళు చెబుతారు. అత్తయ్య లేచింది. ముందుకెళ్ళి, అందరూ చూస్తుండగా తువ్వాలు తీసేసింది. ఆడవాళ్ళ వైపు నుంచి అయ్యో అన్న చప్పుడు వచ్చింది. ఆమె ఫొటో ఎత్తి పట్టుకుంది.

"నిమ్మకాయంత ఉన్న గడ్డ ఇప్పుడు చింతగింజంత అయింది. ప్రభువు నన్ను ముట్టాడు. ఇదిగో సాక్ష్యం" అంది.

గడ్డ తగ్గిన మాట నిజమే. రెండు విడతల మందు పడింది మరి. నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మీ అత్త అదృష్టవంతురాలే" అంది. నేను లేచి అరవాలనుకున్నాను. దైవ సన్నిధిలో, అంతమంది ఏడుస్తుండగా, కోడలు లేచి అత్త మాట అబద్ధమనడం ఎట్లా ఉంటుంది? అయినా ఇంటికొచ్చాక మళ్ళీ అన్నాను. "నువ్వు నమ్మకపోతే నీ ఇష్టమమ్మాయ్, నన్ను మాత్రం లాగమాక" అని మెల్లిగానే అంది అత్తయ్య.

మూడో విడతకి వెళ్ళాల్సిన రోజున నేను సంచి సర్ది గడపలో పెట్టాను. అత్తయ్య కనబడలేదు. కల్లానికి వెళ్ళి చూస్తే కొంగు బిగించి, కాళ్ళతో కాయలు తిరగేస్తూ పాట పాడుకుంటోంది. తల మీద తువ్వాలు లేదు.

"బస్సు వేళయింది అత్తయ్యా."

"ఏ బస్సమ్మా?"

"గుంటూరు బస్సు. మందు ఎక్కించుకోవాల్సింది ఇయ్యాళేగా."

"సాక్ష్యం చెప్పానమ్మాయ్. చెప్పిన నోటితోనే మళ్ళీ మందు ఎక్కించమని ఎట్టా అడిగేది? దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టు కాదూ?"

నేను మావయ్య వైపు చూశాను. ఆయన పట్టా మడతపెడుతూ నేల చూపులు చూశాడు. "వదిలెయ్యమ్మా స్తుతీ. రాత్రి నాతోపాటు కూర్చుని రెండు ముద్దలు ఎక్కువే తింది" అన్నాడు. ఆయన గొంతు వింటే నాకు కోపం కూడా రాలేదు. ముప్పై అయిదేళ్ళు కలిసి కూలికి వెళ్ళిన మనిషి పక్కన కూర్చుని అన్నం తినడమే ఆయనకి కావాల్సింది.

మా పాస్టరు అంకయ్య గారు మంచివాడు. నేను వెళ్ళి బతిమాలితే ఇంటికొచ్చి గంటసేపు చెప్పాడు. "డాక్టరు చెయ్యి కూడా ఆయన చెయ్యే ప్రేమమ్మా. ముట్టింది ఆయనే, మందిచ్చిందీ ఆయనే అనుకుని వెళ్ళు" అన్నాడు. "మీకు గుర్తు చూపించలేదు అయ్యగారూ, నాకు చూపించాడు" అంది అత్తయ్య. ఆయన ప్రార్థన చేసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది మా ఆయనే. ఆయన్ని ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు.

"కన్నకొడుకువి. కెమెరా పట్టింది నువ్వు. నువ్వు చెబితే వింటుంది" అనేదాన్ని.

"ఆమె మొహం చూశావా? జబ్బొచ్చాక అమ్మ పాడటం ఇప్పుడే విన్నా. నేను నోరు తెరిస్తే ఆ మొహం ఆరిపోద్దే."

"నోరు తెరవకపోతే మనిషే ఆరిపోద్ది."

"ఏమో, నిజంగానే తగ్గిందేమో. చింతగింజంత అయిందిగా."

"డాక్టరమ్మ చెప్పింది మర్చిపోయావా?"

చొక్కా వేసుకుని బయటికెళ్ళిపోయేవాడు. పిరికివాడని కాదు. తల్లంటే ప్రాణం. ఆ ప్రాణమే ఆయన నోరు కట్టేసింది. లెన్సుని గుడ్డలో చుట్టి బీరువా పైన పడేశాడు. పాలపిట్టల ఊసే లేదు.

ఈలోగా ఎవరో ఆ ఫొటోని సెల్‌ఫోన్లో తీసి పదిమందికీ పంపారు. పొన్నూరు నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. మా పంచలో చాప పరిచి, ఫొటో మధ్యలో పెట్టి పాటలు. అత్తయ్య వాళ్ళందరికీ టీలు పెట్టించేది. నేను పొయ్యి దగ్గర నిలబడి లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. ఈస్టరుకి ముందొచ్చే శ్రమదినాలన్నీ మా ఇంట్లో అట్లా గడిచాయి. నాలుగో విడత రోజు కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఆ వారమే అత్తయ్య ఎడమ చెయ్యి పైకెత్తలేకపోతోందని గమనించాను. అడిగితే కాయల బుట్ట మోసినందుకు పట్టిందంది.

ఒకరోజు మధ్యాహ్నం మా వీధి చివర ఉండే క్రిస్టీనా కూతుర్ని తీసుకుని వచ్చింది. క్రిస్టీనా పత్తి జిన్నింగు మిల్లులో పనిచేస్తుంది. కూతురు ఫెబాకి ఎనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచీ మూర్ఛ. ఒకసారి కాలవ మెట్ల మీదే పడిపోతే ఎవరో లాగి బతికించారు. రోజూ రెండు పూటలా బిళ్ళలు వేస్తుంటే రెండేళ్ళుగా ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

"పెద్దమ్మా, ఇమ్మానుయేలన్న చేత మా పిల్లని కూడా ఆ కెమెరాతో తీయించవా?" అంది. "దీనికి కూడా కిరీటం పడితే చాలు, ఇంక ఆ బిళ్ళల జోలికి పోను. అవి వేస్తే బళ్ళో తూగుతోందని టీచరు కోప్పడుతోంది."

"తీయిద్దాంలే. ముందు బిళ్ళలు మానమాక" అంది అత్తయ్య.

"నిన్నటి నుంచే ఆపేశా. ఉపవాసం కూడా పట్టా."

"ఆపేశావా?" అత్తయ్య చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఫొటో తీయకముందే ఎందుకు ఆపావే?"

"నువ్వు ఆపలేదా పెద్దమ్మా?" అంది క్రిస్టీనా. ఎగతాళిగా కాదు, నమ్మకంగానే అంది.

ఫెబా చాప మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. అత్తయ్య ఆ పిల్లవైపు అట్లా చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటికి మా ఆయన్ని పిలిచి, "ఒరేయ్, రేపు పొద్దున్నే ఆ లెన్సు తీసుకుని కల్లానికి రా" అంది.

మర్నాడు తెల్లారేసరికి అందరం కల్లంలో ఉన్నాం. అప్పటికి మంచు పడే రోజులు పోయాయి. కాయలు చాలావరకు బస్తాలకెక్కాయి, నేల మీద తాలు కాయలు మాత్రం మిగిలాయి. మా ఆయన పక్కనే కట్ట మీద స్టాండు వేసి లెన్సుని కాలవ వైపు తిప్పాడు. ఫెబాని దూరంగా, కట్ట కింద నీళ్ళ వైపు నిలబెట్టాం. ఆ పిల్ల వెనకాల కాలవ నీళ్ళ మీద ఎండ పడి తళతళలాడుతోంది.

ఈయన కంటిని కెమెరాకి ఆనించి తిప్పాడు. చప్పుడు రాలేదు. నొక్కలేదు. తల ఎత్తి అత్తయ్యని చూశాడు. "అమ్మా, నువ్వే చూడు" అన్నాడు.

అత్తయ్య వంగి కన్ను పెట్టింది. ఒక చెయ్యి నా భుజం మీద వేసింది. ఆ చెయ్యి బిగుసుకోవడం నాకు తెలిసింది. సున్నాలు కనబడి ఉంటాయి. ఆ పిల్ల తల చుట్టూ బంగారు సున్నాలు.

అప్పుడు మా ఆయన కెమెరాని మెల్లిగా పక్కకి తిప్పాడు. అత్తయ్య కన్ను తియ్యలేదు. కెమెరా తిరిగిన వైపు నేనూ చూశాను. కట్ట కింద ఊరకుక్క ఒకటి కూర్చుని చెవి గోక్కుంటోంది. దాని వెనకాల కూడా అవే నీళ్ళు, అదే ఎండ. ఇంకాస్త తిప్పాడు. బోర్లించిన తట్ట ఒకటి ఉందక్కడ. దాని వెనకాలా అంతే.

అత్తయ్య చాలాసేపు అట్లాగే వంగి ఉంది. తర్వాత నడుం పట్టుకుని లేచి, కొంగుతో కన్ను తుడుచుకుంది.

"పడిందా పెద్దమ్మా?" అని క్రిస్టీనా పరుగెత్తుకొచ్చింది.

"ఏమీ పడలేదే."

"బాగా చూశావా? ఇంకోసారి చూడు పెద్దమ్మా."

"చూశా. ఉత్త నీళ్ళే ఉన్నాయి. నువ్వు పిల్లని ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి బిళ్ళ వెయ్యి. ఒక్క పూట కూడా మానమాక, నా మీద ఒట్టు."

క్రిస్టీనా మొహం చిన్నబోయింది. "మరి నీకు పడ్డాయిగా?" అంది.

"నాకూ పడలేదులేవే" అంది అత్తయ్య.

క్రిస్టీనాకి ఏమీ అర్థం కాలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కట్ట వెంట వెళ్ళిపోయింది. అత్తయ్య భుజం మీది కొంగు తీసి తల నిండా కప్పుకుంది. అన్నాళ్ళు వెలుగులో తిరిగిన తల మళ్ళీ దాక్కుంది. నేను గెలిచినట్టే లెక్క. కానీ నాకు ఎక్కడికైనా వెళ్ళి ఏడవాలనిపించింది. ఇంటికొస్తుంటే దారిలో, "గుంటూరు బస్సు ఎన్నింటికమ్మాయ్?" అని మాత్రం అడిగింది.

సంఘంలో కొందరు వచ్చి, సాక్ష్యం చెప్పి మళ్ళీ ఆసుపత్రికేంటని అడిగారు. "తొందరపడి చెప్పానమ్మా, దేవుడి తప్పేం లేదు" అందే గానీ లెన్సు సంగతి ఎవరితోనూ అనలేదు. కొడుకు మీద ఎవరూ మాట వెయ్యకూడదని నోరు మూసుకుంది.

గుంటూరులో మళ్ళీ పరీక్షలన్నీ చేశారు. డాక్టరమ్మ ఎందుకు మానేశారని కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. కాగితాలు చూసి, అత్తయ్యని బయట కూర్చోమని నన్నూ మా ఆయన్నీ లోపలికి పిలిచింది. అప్పుడే నాకు అర్థమైపోయింది. గడ్డ గట్టిపడి చంకలోకి పాకింది, కాలేయంలో కూడా కనబడుతోందట. కోసే వీలు లేదట. నొప్పి తెలియకుండా మందులిద్దాం, కావలసినవి వండి పెట్టండి అంది.

బయటికొచ్చి మా ఆయన వరండాలో తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చుట్టూ జనం ఉన్నారని కూడా చూసుకోలేదు. "నేనే చంపుకున్నానమ్మా. ఆ రోజే కాదని చెప్పాల్సింది. నా నోరు పడిపోయింది" అని తల బాదుకున్నాడు.

అత్తయ్య ఈయన జుట్టులో చెయ్యి పెట్టింది. "ఏడవమాక. చెప్పలేదని నీ మీద నాకేం కోపం లేదు" అంది. "ఈ జబ్బొచ్చినకాడి నుంచీ నేను చచ్చినట్టే ఉన్నా. మధ్యలో ఆ నెలన్నర బతికా. పాడుకున్నా, మీ నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నా, నెత్తిన గుడ్డ లేకుండా వీధిలో తిరిగా. అది కూడా నువ్వు తీసేసుకుని ఉంటే నాకింకేం మిగిలేదిరా?"

తొలకరి పడకముందే, కల్లాలన్నీ ఖాళీ అయ్యాక, అత్తయ్య పోయింది. పోయే ముందు రోజు కూడా ఫెబాకి బిళ్ళలు వేస్తున్నారా అని అడిగింది. వేస్తున్నారని చెప్పాను.

మా ఆయన ఇప్పుడు ఆ ఆసుపత్రి వరండాలో తల్లి అన్న మాట పట్టుకునే బతుకుతున్నాడు. అమ్మకి నెలన్నర సంతోషం ఇచ్చానని అప్పుడప్పుడూ తనలో తానే అనుకుంటాడు. మావయ్య కూడా ఔనంటాడు. నేను వాళ్ళిద్దరికీ అన్నం పెడతాను, ఎదురు చెప్పను. అంతటి మనిషి పోతూ పోతూ కొడుక్కి ఇచ్చిన ఊరటని నేనెందుకు లాక్కోవాలి? కానీ నా మటుకు ఆ మాట ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ నెలన్నరా ఆమె నన్ను తిడుతూ, తువ్వాలు చుట్టుకుని, ఏడుస్తూ గుంటూరు బస్సెక్కినా నాకు బాగుండేది. ఈపాటికి జుట్టు వచ్చేసేది.